ఉప్పుటేటి గట్టున ఇల్లు కట్టుకోవచ్చా?

ఇల్లు, స్థలం: పాఠకుల ప్రశ్నలకు తీర మండలాల్లో పనిచేసిన రిటైర్డ్ సర్వేయర్ జవాబులు

ప్రశ్న: నేను హైస్కూల్లో టీచర్ని. మైపాడు వైపు, ఇందుకూరుపేట మండలంలో ఒక వెంచర్లో 40 అంకణాల (మా నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు) స్థలం చూశాం. తూర్పు నుంచి పడమరకు 72 అడుగులు, ఉత్తరం నుంచి దక్షిణానికి 40 అడుగులు. తూర్పు హద్దు దాటాక కొంచెం ఖాళీ, ఆ తర్వాత ఉప్పుటేరు. ఏరు అక్కడ వంద అడుగుల వెడల్పు ఉంటుంది. మామూలు రోజుల్లో నీటి అంచుకూ మా హద్దురాయికీ మధ్య 45 అడుగులు ఉంది. సముద్రం రెండు కిలోమీటర్ల పైనే కాబట్టి సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్, తీరంలో కట్టడాలను అదుపు చేసే నిబంధన) గొడవ లేదని, పంచాయతీ అనుమతి కూడా ఉందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. కానీ కార్తీక పౌర్ణమి రోజు అటు వెళ్లి చూస్తే నీళ్లు హద్దురాయికి 15 అడుగుల దాకా వచ్చి ఉన్నాయి. ఆ వారమంతా వాన కూడా లేదు. రెండడుగులు గ్రావెల్ తోలిస్తే చాలని బ్రోకర్ అంటున్నాడు. అడ్వాన్సు రెండు లక్షలు అడుగుతున్నారు. మాకేమో ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, నెల్లూరు

జవాబు: అడ్వాన్సు ఇవ్వకండమ్మా. ముందు ఆ స్థలం ఏ గీతకు ఎంత దూరంలో ఉందో కాగితం మీద తేల్చుకోవాలి. మీరు రాసిన కొలతలే నిజమైతే ఆ 40 అంకణాల్లో ఇల్లు కట్టుకోవడానికి ఒక్క అంకణం కూడా మిగలదు. ఎందుకో చెబుతాను.

సీఆర్‌జెడ్ అంటే సముద్రపు ఒడ్డున ఉన్న భూమి మాత్రమేనని మన వైపు చాలామంది అనుకుంటారు. సముద్రం వెంబడి హైటైడ్ లైన్ (పెద్ద పోటు నీళ్లు ఎక్కే గీత) నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధన ఉన్న మాట నిజమే. దాంతోపాటు సముద్రపు పోటు ఎక్కే ప్రతి ఏరుకూ, కాలువకూ, మడుగుకూ రెండు గట్ల వెంబడీ అది వర్తిస్తుంది. పోటు ఎక్కడి దాకా ఎక్కుతుందని చూడటానికి ఉప్పు లెక్క ఉంది. ఏడాదిలో బాగా ఎండిపోయిన కాలంలో నీళ్లు తీసి చూస్తే వెయ్యికి 5 పాళ్లు, అంతకు మించి ఉప్పు ఉండాలి. సముద్రపు నీళ్లలో ఇది 35 పాళ్ల దాకా ఉంటుంది. అంటే సముద్రపు నీళ్లలో ఏడోవంతు ఉప్పదనం ఉన్నా చాలు, అక్కడి దాకా పోటు ఎక్కినట్టే. వేసవిలో పైనుంచి మంచినీళ్లు రానప్పుడు బకింగ్‌హామ్ కాలువలోనూ, దాంట్లో కలిసే ఏళ్లలోనూ ఉప్పునీళ్లు ఎంత లోపలికి ఎక్కుతాయో ఆ ఊళ్ల రైతుల్ని అడగండి. గేదెలు కూడా మూతి పెట్టవని చెబుతారు. కాబట్టి సముద్రం రెండు కిలోమీటర్లా, పదా అన్నది మీ స్థలానికి సంబంధించిన ప్రశ్నే కాదు. మీ పక్కనున్న ఏట్లో పోటు ఎక్కుతుందా లేదా అన్నదే ప్రశ్న. దానికి జవాబు కార్తీక పౌర్ణమి రోజు మీ కళ్లతోనే చూశారు.

ఇక దూరం లెక్క. 2011 జనవరి 6న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పోటు ఎక్కే ఏటి వెంబడి హైటైడ్ లైన్ నుంచి 100 మీటర్లు, లేదా ఏటి వెడల్పు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది సీఆర్‌జెడ్. 2019 జనవరి 18న వచ్చిన కొత్త నోటిఫికేషన్ ఆ 100ని 50 చేసింది. ‘ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది’ అన్న మాట అలాగే ఉంచింది. పల్లె ప్రాంతాల్లో ఆ దూరమంతా నో డెవలప్‌మెంట్ జోన్, అంటే కొత్త ఇల్లు కట్టకూడని చోటు. రాష్ట్రానికి కొత్త మ్యాపులు ఆమోదం పొందేదాకా పాత మ్యాపులే చెల్లుతాయని 2019 నోటిఫికేషనే చెబుతోంది. పాతదా కొత్తదా అన్న చర్చ మీకు అవసరం లేదు. మీ ఏరు వంద అడుగులు, అంటే 30 మీటర్లు. అది 50 కన్నా తక్కువే, 100 కన్నా తక్కువే. ఏ నోటిఫికేషన్ పట్టుకున్నా మీకు వర్తించేది ఆ వంద అడుగులే.

ఆ వంద అడుగులు ఎక్కణ్ణుంచి కొలవాలన్న దగ్గరే అమ్మేవాళ్లు కొనేవాళ్లను తప్పుదారి పట్టిస్తారు. మామూలు రోజు నీటి అంచు నుంచి టేపు పట్టి చూపిస్తారు. అలా కొలిస్తే మీ స్థలంలో 55 అడుగులు పోయి పడమటి వైపు 17 అడుగులు మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ హైటైడ్ లైన్ అంటే మామూలు రోజు నీటి అంచు కాదు. అమావాస్య, పౌర్ణమిలకు వచ్చే పెద్ద పోట్లలో నీళ్లు నేల మీద ఎక్కడి దాకా ఎక్కుతాయో ఆ గీత. మీరు చూసిన 15 అడుగుల చోటు నుంచి వంద అడుగులు కొలవండి. మీ తూర్పు హద్దు దాటి, 72 అడుగుల స్థలమంతా దాటి, పడమటి హద్దు అవతల ఇంకో 13 అడుగులు పోతుంది.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. మీరు ఒకరోజు చూసిన నీటి అంచు చట్టం దృష్టిలో హైటైడ్ లైన్ అయిపోదు. ఆ గీతను చెన్నైలోని ఎన్‌సీఎస్‌సీఎం అనే జాతీయ తీర అధ్యయన సంస్థ గుర్తించింది, మ్యాపుల్లో అదే ఉంటుంది. పైగా ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో మన బంగాళాఖాతం మట్టమే కొంత పైకి ఉంటుంది, అందుకే అప్పటి పోట్లు పెద్దవి. అయినా స్థలం కొనేవాళ్లు చూడాల్సింది ఆ రోజుల్లోనే. ఎండాకాలం మధ్యాహ్నం, పాటు మీద నీళ్లు తీసి ఉన్నప్పుడు కారెక్కించుకుని తీసుకెళ్లి చూపిస్తే ఏ ఉప్పుటేటి గట్టయినా ఎత్తుగా, ఎండిపోయినట్టే ఉంటుంది.

ఇప్పుడు గ్రావెల్ సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించిన మాట అదే. సీఆర్‌జెడ్ లోపల పోటు నేలను పూడ్చడం, కట్ట వేయడం, నీళ్ల సహజమైన దారిని మళ్లించడం నిషేధం. పోటు ఎక్కి దిగే నేలనైతే సీఆర్‌జెడ్ ఒకటి బీ అంటారు, అక్కడ ఇంటి మాటే లేదు. ఏటి పక్కన మడ చెట్లు గానీ, ఉప్పు గడ్డి బయళ్లు గానీ ఉంటే అది ఒకటి ఏ, ఇంకా కఠినం. మడ వెయ్యి చదరపు మీటర్లకు మించి ఉంటే దాని చుట్టూ ఇంకో 50 మీటర్లు వదలాలి. చట్టం పక్కన పెట్టినా, మీరు రెండడుగులు మెరక చేస్తే ఆ నీళ్లు ఆవిరైపోవు కదా. పక్క పొలంలోకి పోతాయి, లేదా ఏటికి ఎగువనున్న ఎస్సీ కాలనీలోకో పాలెంలోకో పోతాయి. 2015 నవంబర్ వానలకూ, 2021 నవంబర్లో పెన్నా పొంగినప్పుడూ నెల్లూరు చుట్టుపక్కల ఊళ్లు ఎలా మునిగాయో మీరూ చూసే ఉంటారు. పైనుంచి వరద వస్తోంది, కింద నుంచి పోటు ఎక్కుతోంది అనుకోండి, ఆ రెంటికీ నడుమ నీళ్లు కాసేపు నిలవడానికి ఉండేది ఇలాంటి పల్లపు నేలే. దాన్ని ప్లాట్లు చేసి, ‘లేక్ వ్యూ’ అని బోర్డు పెట్టి అమ్మడం చూస్తే కడుపు మండుతుంది.

పంచాయతీ అనుమతి ఉందన్నారు. అది మీకు రక్షణ అనుకోకండి. కేరళలో కొచ్చి దగ్గర మరడు అనే ఊళ్లో కాయల్ గట్టున అపార్ట్‌మెంట్లు కట్టారు. కాయల్ అంటే మన ఉప్పుటేరు లాంటిదే, ఇంకా వెడల్పు. 2006లో అక్కడి పంచాయతీ అనుమతులు ఇచ్చింది. జనం కొనుక్కున్నారు, కాపురాలు పెట్టారు. సీఆర్‌జెడ్‌కు విరుద్ధంగా కట్టారని 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చేయమంది. 2020 జనవరిలో నాలుగు భవన సముదాయాలను పేలుడు పదార్థాలు పెట్టి పడగొట్టారు. ఫ్లాటుకు 25 లక్షల చొప్పున మధ్యంతర పరిహారం ఇవ్వమని కోర్టు చెప్పింది గానీ, కట్టుకున్న ఇల్లు కళ్లముందు కూలిపోతే ఆ కుటుంబాలు ఎంత కుమిలిపోయి ఉంటాయి! అక్కడ కొన్నవాళ్లు కూడా అనుమతి కాగితం చూసే కొన్నారు. కూల్చివేత సంగతి అటుంచితే, ఉల్లంఘించినవాళ్లకు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద జరిమానా కూడా ఉంది. 2024 ఏప్రిల్ నుంచి అది పదివేల నుంచి పదిహేను లక్షల దాకా వేయొచ్చు.

బ్యాంకు లోను ఇస్తానన్నదని కూడా ధైర్యపడకండి. బ్యాంకు లాయరు చూసేది లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా). అమ్మేవాడికి హక్కు ఉందా లేదా అన్నదే వాళ్ల పని. ఆ నేల మీద ఇల్లు కట్టనిస్తారా అన్నది వేరే ప్రశ్న, దాన్ని మీరే అడగాలి.

అడిగే పద్ధతి ఇది. ముందు సర్వే నంబరు, సబ్‌డివిజన్ తీసుకుని తహసీల్దారు ఆఫీసులో ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు, గ్రామ పటం తీసుకోండి. పక్క సర్వే నంబరు ఏమని రాసి ఉందో చూడండి. ‘వాగు పోరంబోకు’ అనో, ‘ఉప్పు కొఠార్లు’ అనో ఉంటే అక్కడే సగం తెలిసిపోతుంది. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఆ నంబరు ఉందేమో కూడా చూసుకోండి. తర్వాత ఆ ఊరి తీర మండల యాజమాన్య ప్రణాళిక మ్యాపు, అంటే పైన చెప్పిన సీఆర్‌జెడ్ మ్యాపు. సర్వే నంబర్లు కనిపించేలా 1:4000 స్కేలులో ఉన్న షీటు అడగండి. 1:25000 స్కేలు మ్యాపులో మీ స్థలం సూదిమొనంత కూడా ఉండదు, దాని మీద వేలు పెట్టి ఎవరేం చెప్పినా నమ్మొద్దు. షీటు నకలు నోటితో అడిగితే తిప్పుతారు కాబట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు ఫీజు, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ షీటు మీద మీ ఎఫ్ఎంబీని లైసెన్సుడు సర్వేయర్ చేత వేయించుకుంటే గీత ఎక్కడ పడుతుందో తేలిపోతుంది.

అప్పుడు పంచాయతీకి, మీది నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి అయితే నుడాకు, ‘ఈ సర్వే నంబరు సీఆర్‌జెడ్ లోపలా బయటా’ అని రాసి అడగండి. రాసిన జవాబు తీసుకోండి. అమ్మేవాళ్లకు నిజంగా నమ్మకం ఉంటే, సీఆర్‌జెడ్ వెలుపల అని రాతపూర్వకంగా రాకపోతే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తామని అగ్రిమెంటులో ఒక వాక్యం రాయమనండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి వెనకాడేవాళ్ల దగ్గర స్థలం కొనకండి. అదే వెంచర్లో ఆ వంద అడుగులు ముగిసే గీతకు అవతల, రోడ్డు వైపు ప్లాటు ఉండొచ్చు. సముద్రం 500 మీటర్ల లోపల లేదు కాబట్టి ఆ గీత దాటిన స్థలానికి సీఆర్‌జెడ్ అడ్డే ఉండదు. నాలుగు రూపాయలు ఎక్కువైనా దాన్ని అడగండి.

ప్రశ్న: మాది కొత్తపట్నం మండలం. మేం మత్స్యకారులం. మా తాత కాలం నుంచి సముద్రానికి వంద మీటర్లు దాటాక మా ఇల్లు ఉంది. రేకుల ఇల్లు, గాలివానకు రేకులు లేచిపోతున్నాయి. అదే చోట స్లాబు వేసుకుందామంటే సీఆర్‌జెడ్, కుదరదు అన్నారు. పుట్టినప్పటి నుంచీ ఉన్న చోట ఇల్లు కట్టుకునే హక్కు మాకు లేదా?
– ఒక చెల్లెలు, ఒంగోలు దగ్గర్నుంచి

జవాబు: ఉందమ్మా. గట్టిగా అడగండి. సీఆర్‌జెడ్ అన్న మాట చెప్పి మత్స్యకారులను వెనక్కి పంపడం చాలాచోట్ల జరుగుతోంది, అది అన్యాయం. పెద్దపెద్ద కట్టడాలు తీరాన్ని మింగకుండా, మీలాంటివాళ్ల బతుకు నిలవాలని కూడా ఆ నిబంధనలు వచ్చాయి.

పల్లె తీరంలో సముద్రం నుంచి 200 మీటర్లు నో డెవలప్‌మెంట్ జోన్. 2019 నోటిఫికేషన్లో చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనం ఉన్న చోట దాన్ని 50 మీటర్లకు తగ్గించారు గానీ, మన వైపు అంత జనం ఉన్న తీర గ్రామాలు అరుదు. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లా సగటు 193. కాబట్టి మీరు 200 లెక్కలోనే ఉన్నారనుకోండి. ఆ జోన్ లోపల కూడా అనుమతితో కట్టిన పాత ఇంటిని బాగుచేసుకోవచ్చు, పడగొట్టి తిరిగి కట్టుకోవచ్చు. ఇప్పుడున్న పునాది విస్తీర్ణం, స్థలానికి తగ్గ మొత్తం కట్టడపు విస్తీర్ణం (ఎఫ్ఎస్ఐ), ఇళ్ల సాంద్రత పెరగకూడదు. అది కాక, తరతరాలుగా తీరంలో ఉన్న మత్స్యకారులకు 100 నుంచి 200 మీటర్ల నడుమ ఇళ్లకు 2011 నోటిఫికేషన్లోనే దారి ఉంది. దానికి ప్రభుత్వం మీతో మాట్లాడి ప్రణాళిక వేయాలి, తుపానుకు తట్టుకునే ఏర్పాట్లు, మరుగుదొడ్ల ఏర్పాట్లు అందులో ఉండాలి. 200 దాటి 500 లోపు అయితే ఎత్తు 9 మీటర్లు మించకుండా కింద ఒకటి, పైన ఒకటి, రెండంతస్తులు వేసుకోవచ్చు. కొత్త మ్యాపులు ఆమోదమైన చోట 2019 నోటిఫికేషన్ ప్రకారం సొంత ఇల్లు 300 చదరపు మీటర్లలోపు అయితే స్థానిక సంస్థే సీఆర్‌జెడ్ కోణంలో చూసి అనుమతి ఇవ్వొచ్చు, రాష్ట్ర స్థాయి అథారిటీ దాకా పోనక్కర్లేదు. 300 చదరపు మీటర్లంటే నెల్లూరు లెక్కలో దాదాపు 45 అంకణాలు, మీ ఇల్లు అందులో ఎన్నోవంతో!

మీకు కావాల్సింది రుజువులు. పాత ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, ఓటరు జాబితాలో పాత ఇంటి నంబరు, మీ తాతగారి పేరు మీద ఏ కాగితమున్నా సరే. ఇంటి కొలతలు, ఫొటోలు ఇప్పుడే, రేకుల ఇల్లు నిలబడి ఉండగానే తీసి పెట్టుకోండి. పడగొట్టాక పాత పునాది ఎంతో ఎవరూ నమ్మరు. కుదరదన్నవాళ్లను ఏ నిబంధన కింద కుదరదో రాసివ్వమనండి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, అందులో స్థానిక తీర వాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలని నిబంధన. మీ పాలెం పెద్దలతో కలిసి, ఒక్క ఇంటికి కాకుండా అలాంటి ఇళ్లన్నిటికీ కలిపి అర్జీ ఇవ్వండి. కలిపి ఇస్తే ప్రణాళిక అన్న మాట అప్పుడు బలంగా అడగొచ్చు. 1989 నవంబర్లో కావలి దగ్గర తీరం దాటిన తుపానూ, 2004 సునామీ చూసిన తీరం మనది. స్లాబు ఇల్లు మీకు విలాసం కాదని ఆ అర్జీలో రాయండి.

ప్రశ్న: అల్లూరు మండలంలో మా రొయ్యల గుంటలు మానేశాం. గట్టు వేసి చాలా ఏళ్లయింది, పోటు నీళ్లు లోపలికి రావు. కాబట్టి గుంటలు పూడ్చి ఇళ్ల స్థలాలు చేయొచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా?

జవాబు: గట్టు ఎప్పుడు వేశారన్నదే ముఖ్యం. 1991 ఫిబ్రవరి 19కి ముందే ఉన్న గట్టు, తూము అయితే హైటైడ్ లైన్ ఆ గట్టు దగ్గరే ఆగుతుంది. ఆ తర్వాత వేసినదైతే గట్టును చూపించి గీతను జరపలేరు, లోపలి నేల పోటు నేల కిందికే వస్తుంది. మన వైపు గుంటల్లో చాలావరకు 1991 తర్వాత తవ్వినవే. గట్టు పాతదే అయినా, దాని లోపల ఉప్పునీళ్లు చేరి మడ మొలిచి ఉంటే ఆ మేర సీఆర్‌జెడ్ ఒకటి ఏ. పాత గట్టుకు రుజువుగా అప్పటి గ్రామ పటమో, సర్వే ఆఫ్ ఇండియా టోపో షీటో చూపించాలి. అవి లేకుండా పూడ్చడం మొదలుపెట్టకండి.

ఇంకొకటి, చిత్తడి నేలల నిబంధనలు వేరుగా అడ్డొస్తాయా అన్న అనుమానం రావచ్చు. 2017 నాటి ఆ నిబంధనలు సీఆర్‌జెడ్ పరిధిలోని నేలకూ, రొయ్యల సాగుకు తవ్విన గుంటలకూ వర్తించవు. కాబట్టి ఈ రెంటిలో మీరు చూసుకోవాల్సింది సీఆర్‌జెడ్.

ప్రశ్న: రామాయపట్నం వైపు సముద్రానికి 150 మీటర్లలో మాకు సరుగుడు తోట ఉంది, పట్టా భూమి. మేం బెంగళూరులో ఉంటాం. ఇసుక దిబ్బ కొంచెం చదును చేసి, సెలవులకు వచ్చినప్పుడు ఉండేలా చిన్న ఇల్లు కట్టుకోవచ్చా?

జవాబు: కట్టుకోకూడదు. 200 మీటర్లలోపు కొత్త ఇల్లు ఆ తీరంలో తరతరాలుగా బతుకుతున్నవాళ్లకే, మీ పట్టా ఆ నిబంధనను మార్చదు. దిబ్బను చదును చేయడం విడిగా ఇంకో నిషేధం. ఆ దిబ్బ వెనకాల ఉన్న ఊరికి తుపాను అలలను అడ్డుకునేది అదే, దాన్ని ముట్టుకోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను. తోట ఉంచుకోవచ్చు, సాగు చేసుకోవచ్చు. ఉండటానికైతే అక్కడి మత్స్యకారుల ఇళ్లలో హోమ్‌స్టేకు 2019 నోటిఫికేషన్ వీలు కల్పించింది. ఇంటి పునాదిగానీ ముఖంగానీ మార్చకుండా వాళ్లు అతిథులను పెట్టుకోవచ్చు. మీ తోట చూసుకునే కుటుంబాన్నే అడగండి.